పాత గడ్డి కోసే బండి బిగిస్తున్నారా? సీటు స్విచ్ డైరెక్ట్ చేయొద్దు

హనుమకొండ శివారులోని ఒక ఫంక్షన్ హాల్‌లో ఈమధ్య గడ్డి కోసే కుర్రాడికి కుడి చేతి వేళ్లు రెండు తెగాయి. బండి డెక్కు (బ్లేళ్లు తిరిగే రేకు గూడు) పక్క మూతి దగ్గర, అంటే కోసిన గడ్డి బయటికొచ్చే చోట, తడి గడ్డి ఇరుక్కుంటే ఇంజన్ ఆపకుండానే దిగి చెయ్యి పెట్టాడు. తొందరపడ్డాడని అందరూ అతన్నే అంటున్నారు. కానీ మనిషి సీట్లోంచి లేవగానే ఇంజన్ ఆగిపోవాలి కదా, ఎందుకు ఆగలేదు? సీటు ఎత్తి చూస్తే రెండు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టి ఉన్నాయి. ఎండాకాలంలో బండి విప్పి బిగించినవాళ్లు సీటు స్విచ్‌ని డైరెక్ట్ చేసి, అంటే అది పనిచేయకుండా వైర్లు కలిపేసి, అట్లాగే అప్పగించేశారు.

ఇప్పుడు అందరికీ గడ్డి బండి గుర్తొచ్చే కాలం. మృగశిర దాటి రెండు వానలు పడితే లాన్ మోకాలెత్తు పెరుగుతుంది. ఆగస్టు 15 లోపు కాలేజీ గ్రౌండ్లు నున్నగా కావాలి, తర్వాత బతుకమ్మ, ఆ వెనకే పెళ్లిళ్లు. దాంతో షెడ్డులో పడి ఉన్న పాత రైడ్-ఆన్ (కూర్చుని నడిపే) బండ్లు, హైదరాబాద్ నుంచి సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చినవి, సగం విప్పి బస్తాలో పోసినవి అన్నీ బయటికొస్తాయి. బూట్లు వేసుకోండి, పిల్లల్ని దూరం పెట్టండి అని మీకు నేను చెప్పనక్కర్లేదు. బిగించేటప్పుడు జరిగే తప్పుల గురించే చెప్తాను.

సీటు స్విచ్ సంగతి

ఈ ఇంజన్లలో ఎక్కువ వాటికి ప్లగ్గు నిప్పురవ్వకు కావాల్సిన కరెంటు మాగ్నెటో కాయిల్ నుంచి వస్తుంది, ఇంజన్ తిరుగుతుంటే అదే కరెంటు పుట్టిస్తుంది. బ్యాటరీ పని సెల్ఫ్ కొట్టడం వరకే. కాయిల్ నుంచి వచ్చే సన్న వైరు ఒకటి బాడీకి తగిలితే నిప్పురవ్వ చచ్చి ఇంజన్ ఆగుతుంది. తాళం చెవి తిప్పి ఆపినా, సీట్లోంచి లేచినా జరిగేది అదే. ఆ వైరు తెగినా, బిగించేటప్పుడు మరిచిపోయినా తాళం చెవి జేబులో పెట్టుకున్నాక కూడా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది.

మరి డైరెక్ట్ ఎందుకు చేస్తారు? కార్బొరేటర్ సెట్ చేయాలంటే మనిషి కిందికి దిగి పక్కన నిలబడాలి. దిగగానే బండి ఆగిపోతుంది. "గీ స్విచ్ ఒక్కటే సతాయిస్తుంది సార్, ఇయ్యాల్టికి డైరెక్ట్ జేస్త" అంటాడు మెకానిక్. ఆ ఒక్కరోజు పని ఆ బండి బతికున్నన్నాళ్లూ అట్లాగే ఉండిపోతుంది. తర్వాత కొన్నవాడికి ఆ సంగతే తెలియదు.

నిజానికి డైరెక్ట్ చేయాల్సిన అవసరమే లేదు. చాలా బండ్లలో బ్లేడు లివర్ ఆఫ్‌లో ఉండి, గేరు న్యూట్రల్‌లో ఉండి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంటే మనిషి దిగినా ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. అట్లా చేసినా ఆగిపోతోందంటే తప్పు సీటు స్విచ్‌ది కాకపోవచ్చు. ముందు బ్రేకు పెడల్ స్విచ్ చూడండి. విప్పి బిగించినప్పుడు పెడల్ రాడ్ పొడవు మారి స్విచ్ బటన్ పూర్తిగా నొక్కుకోదు. లేదంటే ఆ క్లిప్పు వంగి ఉంటుంది. తర్వాత బ్లేడు లివర్ దగ్గరి స్విచ్, ఆ తర్వాత ఎలుకలు కొరికిన వైరు, చిలుము పట్టిన సాకెట్. వీటన్నిటినీ వదిలేసి సీటు కింద చెయ్యి పెట్టేది కనబడే చోట అదొక్కటే ఉంటుంది కాబట్టి. సన్నగా ఉన్న కుర్రాడు గతుకుల్లో ఎగిరినప్పుడల్లా ఇంజన్ దగ్గుతోందా? సీటు స్ప్రింగు సరిచేయండి. స్విచ్‌ని డైరెక్ట్ చేయొద్దు.

సొలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్) మీద స్క్రూడ్రైవర్ పెట్టి స్టార్ట్ చేయడం కూడా ఇదే జాతి తప్పు. అట్లా చేస్తే బ్రేకు, గేరు, బ్లేడు, ఏ స్విచ్చూ అడ్డు రాదు. బండి గేరులో ఉంటే ముందు నిలబడ్డవాడి మీదికే వస్తుంది.

విప్పేముందు

షెడ్డులోంచి తీసిన బండి కవరు కిందా, డెక్కు లోపలా ముందు కర్రతో కదపండి. వానాకాలం తేళ్లు, కట్లపాములు ఎండు గడ్డి కుప్పల్లోకి చేరతాయి. ఇంజన్ మీది ఫ్యాను మూత విప్పి చూడండి. ఎలుక గూడు ఉంటే గాలి ఆడక ఇంజన్ కాలిపోతుంది, ఒక్కోసారి గూడే అంటుకుంటుంది.

నిరుటి పెట్రోల్ పారబోయండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే దాంట్లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. అది నీళ్లు పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని మెత్తబెడుతుంది. పైపు కొత్తది వేయండి, తక్కువ ఖర్చే.

ప్లగ్ క్యాపు పీకి ప్లగ్గుకి అందనంత దూరం కట్టేయండి. బ్యాటరీ నెగటివ్ ముందు విప్పాలి, చివర బిగించాలి.

డెక్కు, బ్లేడు

జాకీ ఎత్తడానికే, దాని మీద నమ్మకం పెట్టి కిందికి దూరొద్దు. గట్టి చెక్క దిమ్మెలు పెట్టండి. సిమెంటు ఇటుక పనికిరాదు, బరువు ఒక మూల మీద పడితే పటుక్కున చీలుతుంది.

రెండు బ్లేళ్లున్న డెక్కులో రెంటినీ తిప్పేది సాధారణంగా ఒకే బెల్టు. మీరు ఈ పక్క బోల్టు బిగిస్తూ బ్లేడు తిప్పితే ఆ పక్క బ్లేడు కూడా తిరుగుతుంది. అక్కడ ఇంకొకరి చెయ్యి ఉంటే అంతే. డెక్కు కింద ఒక్కరే పని చేయండి. బ్లేడు తిరగకుండా చెక్క ముక్క అడ్డం పెట్టండి, చెయ్యి కాదు.

బ్లేడు వెనక అంచున పైకి లేచిన రెక్క ఉంటుంది, అది డెక్కు వైపుకే ఉండాలి. తిరగేసి బిగిస్తే గడ్డి కొయ్యదు, నలుపుతుంది. సాన పట్టాక గోడకు మేకు కొట్టి బ్లేడుని మధ్య రంధ్రంతో వేలాడదీయండి. ఏ పక్క దిగితే ఆ పక్క ఇంకాస్త అరగదీయాలి. తూకం తప్పిన బ్లేడు బేరింగుల్ని తినేస్తుంది. పగులు కనబడిన బ్లేడుకి వెల్డింగ్ వేయించొద్దు. ఆ కొస గంటకు 300 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో తిరుగుతుంది, అతుకు ఊడితే ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. బ్లేడు బోల్టు బిగింపు కంపెనీ బుక్కులో ఉన్న టార్క్ ప్రకారమే. కొన్ని బండ్లలో ఒక పక్క ఎడమ మర ఉంటుంది (మామూలు దానికి వ్యతిరేక దిక్కున తిప్పి విప్పాలి), విప్పేటప్పుడు బలం పెట్టే ముందు చూసుకోండి.

లెవెల్ సెట్ చేసే ముందు నాలుగు టైర్లలో గాలి సరిచూడండి. ఒక టైరు మెత్తగా ఉంటే మీరు ఎంత సెట్ చేసినా వృథా. చదునైన సిమెంటు నేల మీద డెక్కు రేకు అంచు నుంచి కాకుండా బ్లేడు కొస నుంచి కొలవండి. ఎడమకీ కుడికీ 3 మిల్లీమీటర్లకు మించి తేడా ఉండొద్దు. ముందు కొస వెనక కొస కంటే 3 నుంచి 10 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి.

నడిపి చూసే ముందు

ఖాళీ చదును జాగాలో బ్రేకు నొక్కకుండా సెల్ఫ్ కొట్టండి, ఇంజన్ తిరగొద్దు. బ్రేకు నొక్కి, బ్లేడు లివర్ వేసి కొట్టండి, అప్పుడూ ఇంజన్ తిరగొద్దు. స్టార్ట్ అయ్యాక హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్లేడు వేసి, కాళ్లు ఫుట్‌బోర్డు మీదే ఉంచి స్టీరింగ్ పట్టుకుని సీట్లోంచి కొంచెం లేవండి. ఇంజన్ ఆగాలి, బ్లేడు 5 సెకన్లలోపు నిలవాలి. ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా బండి గడ్డిలోకి పోకూడదు. సెట్టింగ్ కోసం ఏదైనా వైరు కలిపి ఉంటే ఇప్పుడే విడదీయండి. రేపు కాదు, ఇప్పుడే.

ఇక మిగిలినవి. షట్టర్ వేసిన గదిలో ఇంజన్ నడపొద్దు. వేడి ఇంజన్ మీద పెట్రోల్ పోయొద్దు. బెల్టు గైడు కమ్మీల లోపలే ఉందో లేదో చూడాలి. స్ప్రింగు పెట్టేటప్పుడు మొహం పక్కకు పెట్టండి. పక్క మూతికి రబ్బరు మూత లేని బండి నడపొద్దు, మూత దొరకలేదంటే దొరికేదాకా ఆగండి. ఫంక్షన్ హాల్ లాన్‌లో టెంటు మేకులు, బైండింగ్ వైరు, సీసా ముక్కలు ఏరకుండా బండి దింపొద్దు. మన దగ్గర గ్రానైట్ పెచ్చులు కూడా ఉంటాయి, బ్లేడు తగిలితే తుపాకీ గుండే. చెరువు కట్టకి ఈ బండి వద్దు. వాలు 15 డిగ్రీలు దాటితే, అంటే 10 మీటర్ల దూరానికి రెండున్నర మీటర్లకు పైన ఎత్తు లేస్తే, దించొద్దు. తక్కువ వాలులో కూడా పైకీ కిందికీ కొయ్యండి, అడ్డంగా కాదు. తడి గడ్డి కొయ్యొద్దు. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు. ఇరుక్కున్న గడ్డి కర్రతో తియ్యండి, అదీ ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి, ప్లగ్ క్యాపు పీకాక. సీటు స్విచ్ డైరెక్ట్ చేయొద్దు. ఓనరు చెప్పినా చేయొద్దు.

వేలు తెగితే రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి చెయ్యి పైకెత్తి ఉంచండి, 108కి ఫోన్ చేయండి. తెగిన ముక్కని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవరుని ఐసులో పెట్టి మనిషితో పాటే పంపండి. ముక్కని నేరుగా ఐసులో వెయ్యొద్దు.