బ్రెయిన్ ట్యూమర్ ఉన్నవాళ్ళ తలనొప్పి డైరీ ఎలా రాయాలి?

డాక్టర్ "తలనొప్పి ఎలా ఉంది" అని అడిగితే చాలామంది "అలానే ఉందండి, ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ" అనేసి వచ్చేస్తారు. ఆ ముక్కతో స్టెరాయిడ్ డోస్ మార్చాలా, స్కాన్ ముందే తీయించాలా అన్నది ఆయన ఎలా తేల్చుకుంటారు చెప్పండి?

ఒక నోట్‌బుక్, దానికో పెన్ను, అంతే. యాప్ వద్దు. యాప్‌లో ఏడుపు మొహం బొమ్మ నొక్కి ఊరుకుంటారు, పైగా ఫోన్ ఒకరి దగ్గరే ఉంటుంది, పుస్తకమైతే రాత్రి పక్కన పడుకున్నవాళ్ళు కూడా రాయొచ్చు. రోజుకో పేజీ. నొప్పి ఎన్నింటికి మొదలైంది, పదికి ఎంత, ఏ మాత్ర వేశారు, ఎప్పటికి తగ్గింది. మాత్రలు తప్పకుండా లెక్కపెట్టండి, పారాసెటమాల్ లాంటివి నెలకి 15 రోజులు, అలా మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రల వల్లే తలనొప్పి రావచ్చు.

ఇప్పుడు అందరూ చెడగొట్టేది, నొప్పితో పాటు ఇంకేం వచ్చిందో రాయడం. మెదడుకి నొప్పి తెలీదు, చుట్టూ ఉన్న పొరలు, రక్తనాళాలు సాగినా నొక్కుకున్నా నొప్పి పుడుతుంది. అందుకని నొప్పి ఎంత అన్నదానికంటే ఎప్పుడు పెరుగుతోంది అన్నది ముఖ్యం. దగ్గినప్పుడా, వంగినప్పుడా, ముక్కినప్పుడా, నిద్రలోంచి లేపేస్తోందా, వాంతి అయ్యాక కాస్త తేలికపడుతోందా? పొద్దున్నే వస్తేనే ట్యూమర్ నొప్పి అనుకోకండి, చాలామందికి మామూలు టెన్షన్ తలనొప్పిలాగే ఉంటుంది, పొద్దున నొప్పి లేదని ధీమా పడొద్దు.

ఇంకోటి, కొన్ని లక్షణాలు పేషెంట్‌కి తెలీవు, అడిగితే "బానే ఉన్నా" అంటారు. అవి పక్కనున్నవాళ్ళే చూసి రాయాలి. కంచంలో ఒక పక్క అన్నం అలాగే వదిలేస్తున్నారా, గుమ్మం దాటేటప్పుడు ఎప్పుడూ ఒకే భుజం తగులుతోందా, అలా ఉంటే ఆ వైపు చూపు పోతోందేమో. చొక్కా గుండీ పెట్టుకోడానికి వేళ్ళు తడబడుతున్నాయా, తెలిసిన మాట నోటికి రావట్లేదా, ఎప్పుడూ లేని చిరాకు వస్తోందా, పగలంతా మగతగా ఉంటున్నారా. "నీరసం" అని రాయకండి, దానికి అర్థం లేదు. "మధ్యాహ్నం మూడు గంటలు పడుకున్నారు, లేపితే లేచారు, రోజు ఏంటో చెప్పలేకపోయారు" అని రాయండి. అదీ ఆ పూటే రాయాలి, మర్నాడు గుర్తు తెచ్చుకుని రాసింది నేనసలు లెక్కలోకి తీసుకోను.

డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ వాడుతుంటే డోస్ మారిన తేదీ ఎర్ర ఇంకుతో రాయండి. ట్యూమర్ చుట్టూ ఉన్న వాపుని తగ్గించేది అదే కాబట్టి డోస్ తగ్గించాక నొప్పి, మగత మళ్ళీ మొదలైతే డాక్టర్‌కి వెంటనే తెలియాలి. తగ్గింది కదా అని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి, చాలా ప్రమాదం.

ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి పూర్తి తెలివి రాకముందే ఇంకోటి వచ్చినా, ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చినా, లేపినా లేవకపోయినా, కొత్తగా చెయ్యి కాలు పడిపోయినా, మాట పోయినా పుస్తకం అక్కడ పడేసి అంబులెన్స్ పిలవండి.

అపాయింట్‌మెంట్‌కి పుస్తకం మొత్తం డాక్టర్ చేతిలో పెట్టకండి, చదివే టైమ్ ఉండదు. పోయినసారికి ఇప్పటికి ఏం మారిందో మొదటి పేజీలో నాలుగు లైన్లు రాసి అది చదివి వినిపించండి.