పాత కారు చూడటానికి ఉదయాన్నే వెళ్లండి
యూనివర్సిటీలో చదువుకుంటూ తక్కువ డబ్బుతో పాత కారు కొనాలనుకుంటున్నారా? ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడండి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే మరో రోజు వస్తానని చెప్పండి. వేడెక్కిన ఇంజను చాలా లోపాలను దాచేస్తుంది. స్టార్ట్ చేయించి, వెనక నిలబడి పొగ గమనించండి. నీలిరంగు పొగ ఆగకుండా వస్తుంటే ఇంజన్ ఆయిల్ మండుతున్నట్టే. అలాంటి కారు ఎంత చవకైనా వద్దు.

టైరు పక్కభాగంలో 2319 లాంటి నాలుగంకెలు ఉంటే, అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. కారు తిరిగిన కిలోమీటర్లు చూపే ఓడోమీటరు ఎంత తక్కువ చూపినా, పెడళ్ల రబ్బరు అరిగి నున్నబడితే నాకు నమ్మకం కుదరదు. ఉన్న డబ్బంతా కారు ధరకే పెట్టేయకండి. బీమా, బ్యాటరీ, బ్రేకుల ఖర్చు కొన్న కొద్దిరోజులకే మీద పడవచ్చు.