జూన్ 26 ర్యాలీ అయ్యాక క్లాసులో ఏం చేయాలి

మాది నర్సీపట్నం పక్కన ఓ హైస్కూలు. ఏజెన్సీ నుంచి దిగే రోడ్డు మా గేటు ముందు నుంచే పోతుంది. నేను చెప్పేది జీవశాస్త్రం. కానీ ఏటా జూన్ 26, అంటే ఐక్యరాజ్యసమితి పెట్టిన మాదకద్రవ్యాల వ్యతిరేక దినం, నా నెత్తినే పడుతుంది. ఫ్లెక్సీ, ర్యాలీ, ప్రతిజ్ఞ, ఫొటో. మధ్యాహ్న భోజనం టైముకి అంతా అయిపోతుంది. ఆ తర్వాత మిగిలిన రెండు పీరియడ్ల గురించే ఇది.

ముందు, చేయకూడనిది. మొదటి ఏడాది ప్రొజెక్టర్ పెట్టి సూదులు, పాడైన ఊపిరితిత్తులు చూపించాను. మత్తు మానేసిన ఓ కుర్రాణ్ణి పిలిచి మాట్లాడించాను. బాగానే మాట్లాడాడు. బెల్లు కొట్టాక తొమ్మిదో తరగతి పిల్లలిద్దరు అతని పక్కన చేరి అడిగింది ఒక్కటే: "అన్నా, అది ఎలాగుంటాది?" నాకు నోట మాట రాలేదు. తర్వాత ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2018లో తెచ్చిన నివారణ ప్రమాణాలు చదివితే తెలిసింది. భయపెట్టడం, ఉపన్యాసం దంచడం, మానేసినవాళ్ళతో అనుభవాలు చెప్పించడం, పోలీసులతో పాఠం చెప్పించడం ఫలితమివ్వని పద్ధతుల్లో ఉన్నాయి. మనం చేసేవన్నీ అవే!

ఇప్పుడు మొదటి పీరియడ్‌లో చీటీలు పంచి, మత్తు గురించి అడగాలనుకున్నది రాయమంటాను. పేరు రాయొద్దు. ప్రశ్న లేనివాళ్ళు కూడా ఏదో ఒకటి రాయాలి, కూర వండే విధానమైనా సరే. లేకపోతే రాసినవాడెవడో పక్కవాడికి తెలిసిపోతుంది. చెప్పుల డబ్బాకి చిల్లు పెడితే పెట్టె రెడీ. చీటీలు నేనొక్కణ్ణే చదువుతాను, క్లాసులో చదవను. గంజాయి గురించే ఉంటాయనుకున్నాను గానీ, సగం వైట్నర్ (రాసింది చెరిపే తెల్ల ద్రవం, వాసన పీలుస్తారు), ఖైనీ గురించే. ఎలా వాడతారో వివరించకండి. వాడితే ఏమవుతుందో అడిగినంత మేరకు దాచకుండా చెప్పండి.

రెండో పీరియడ్ నాటకం. ఇక్కడ టైము ఖర్చు పెట్టండి. మా ప్రాంతంలో పిల్లల్ని లాగేది మత్తు కన్నా ముందు డబ్బు. గంజాయి లోడు వెనకాల వస్తుంటే, ముందు బైకు మీద పోయి పోలీసులున్నారో లేదో చెప్పేవాణ్ణి పైలట్ అంటారు. ఒకడు అన్న వేషం: "బండి నీకిస్తాను. ముందు ఎల్లు, పోలీసులుంటే ఫోన్ కొట్టు, అంతే." ఎదుటివాడు "వద్దన్నా, గంజాయి చెడ్డది" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నిజంగా అలా ఎవరంటారు? మళ్ళీ చేయించాను. ఈసారి మరొకడు అన్నాడు: "మా నాన్న నన్ను బండి ముట్టుకోనివ్వడన్నా, మొన్నే తాళం దాచీసేడు." చప్పట్లు. అబద్ధమే, పర్లేదు. పరువు పోకుండా తప్పించుకునే దారి పిల్లాడి నోట్లో ముందే సిద్ధంగా ఉండాలి.

అప్పుడే చట్టం రెండు మాటల్లో చెప్తాను. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మాదకద్రవ్యాల చట్టంలో, 20 కిలోలు దాటిన గంజాయికి కనీసం పదేళ్ళ జైలు. సరుకు ముట్టకపోయినా కుట్రలో ఉంటే 29వ సెక్షన్ కింద అదే శిక్ష. పిల్లల చేత ఆ పని చేయించినవాడికి బాలల న్యాయ చట్టం 78వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు.

"మన ఊరి గొడవకి ఐక్యరాజ్యసమితి ఎందుకు సార్?" అని అడుగుతారు. గ్లోబు తెచ్చి పెట్టుకోండి. 2021 సెప్టెంబరులో గుజరాత్ ముంద్రా ఓడరేవులో దాదాపు 3 వేల కిలోల హెరాయిన్ దొరికింది. సరుకు అఫ్గానిస్తాన్‌ది, ఓడ ఎక్కింది ఇరాన్‌లో, కాగితాల మీద టాల్కు రాళ్ళు, దిగుమతి కంపెనీ చిరునామా మన విజయవాడ. ఇన్ని దేశాలు దాటొచ్చినదాన్ని ఒక్క దేశం పట్టుకోగలదా? అందుకే ఐక్యరాజ్యసమితిలో దేశాలన్నీ కలిసి మత్తుమందుల మీద చేసుకున్న 1961, 1971, 1988 ఒప్పందాలు. చివరిదాని వల్ల రసాయనాల మీద కూడా నిఘా ఉంది. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ ఆస్పిరిన్ తయారీకీ వాడతారు, హెరాయిన్‌కీ వాడతారు. ఇలాంటివి ఎగుమతయ్యే ముందే అవతలి దేశానికి కబురు పంపే ఆన్‌లైన్ పద్ధతి 2006 నుంచి ఉంది. ఫిజికల్ సైన్స్ టీచర్ ఉంటే ఈ ముక్క ఆయనకి అప్పజెప్పండి.

బోర్డు మీద మూడు నంబర్లు రాయండి: సమాచారానికి ఈగల్ (మన రాష్ట్ర పోలీసుల మత్తుమందుల నిరోధక విభాగం) 1972, జాతీయ హెల్ప్‌లైన్ 1933, మానాలనుకునేవాళ్ళకి 14446. ఒక పిల్లాడు దొరికాడనుకోండి, స్టాఫ్‌రూమ్‌లో చర్చ పెట్టొద్దు. ఇంట్లో ఒక్కరితోనే, విడిగా మాట్లాడండి. కేసవుతుందన్న టెన్షన్‌తోనే చాలామంది ఆసుపత్రికి పోరు. తక్కువ మోతాదు కేసుల్లో తమంతట తాము చికిత్సకు వెళ్ళినవాళ్ళకి ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇచ్చే 64ఏ సెక్షన్ అదే ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉందని వాళ్ళకి చెప్పండి.

చీటీల పెట్టె ఆ రోజుతో తీసేయకండి. నేను మొదట హెడ్‌మాస్టర్ గది బయట పెట్టాను. నెలంతా ఖాళీ. చేతులు కడుక్కునే కుళాయిల పక్కకి మార్చాక వారంలో రెండు చీటీలు పడ్డాయి. ఒకదాంట్లో ఉన్నది ఇంతే: "మా అన్న గురించి చెప్పాలి సార్. ఎప్పుడు రమ్మంటారు?" పేరు లేదు. మర్నాడు ప్రార్థనలో, లంచ్ తర్వాత నేను ల్యాబ్‌లోనే ఉంటానని అందరికీ కలిపి చెప్పాను.