చదరపు తెర నుంచి వెడల్పు తెరకు: అలవాటు చేసుకునే పద్ధతి

నల్లగొండలో దస్తావేజుల టైపింగ్, డీటీపీ పని చేస్తూ నేను చాలా ఏళ్లు 17 అంగుళాల చదరపు మానిటర్ ముందే కూర్చున్నాను. మన జిల్లాల్లోని జిరాక్స్ సెంటర్లలో, టైపింగ్ దుకాణాల్లో ఆ పాత మానిటర్లు ఒక్కొక్కటిగా పాడైపోతున్నాయి. కొత్తది కొనడానికి వెళితే దొరికేవి దాదాపు అన్నీ వెడల్పువే. కొన్న మొదటి వారంలో మెడ నొప్పి, కళ్ల మంట, అక్షరాలు చిన్నవిగా ఉన్నాయన్న విసుగు కలగడం సహజం. అయితే వీటిలో ఎక్కువ భాగం మానిటర్ లోపం వల్ల కాక, దానిని పాత తెర లాగే వాడాలని చూడటం వల్ల వస్తాయి కనుక, సర్దుకోవలసిన విషయాలను వరుసగా రాస్తున్నాను.

ముందుగా కొలత సంగతి. మానిటర్ సైజును మూల నుంచి మూలకు కొలిచి చెబుతారు కాబట్టి ఆ అంకె ఒక్కటే చూసి కొంటే పొరపాటు జరుగుతుంది. 17 అంగుళాల చదరపు తెర ఎత్తు సుమారు 27 సెంటీమీటర్లు. దానికంటే పెద్దదిగా అనిపించే 18.5 అంగుళాల వెడల్పు తెర ఎత్తు సుమారు 23 సెంటీమీటర్లే. తెర మీద బొమ్మను కూర్చే చుక్కల (పిక్సెళ్ల) లెక్కలో చూసినా పాత తెరలో నిలువున 1024 ఉంటే, ఈ 18.5 అంగుళాల తెరల్లో తరచుగా 768 మాత్రమే ఉంటాయి, అంటే పేజీలో ఒకేసారి కనిపించే భాగం నాలుగో వంతు తగ్గిపోతుంది. పాత ఎత్తు తగ్గకుండా ఉండాలంటే 17 అంగుళాల చదరపు తెరకు బదులు 21.5 అంగుళాలది, 19 అంగుళాల చదరపు తెరకు బదులు 24 అంగుళాలది తీసుకోవాలి. రోజంతా కాగితాలతో పని చేసేవారికి నేను 24 అంగుళాలదే సూచిస్తాను. దాని తెర సుమారు 53 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది కనుక రెండు ఏ4 పేజీలు దాదాపు అసలు పరిమాణంలో పక్కపక్కనే కనిపిస్తాయి.

మానిటర్ బిగించిన వెంటనే చేయవలసిన పని రిజల్యూషన్, అంటే తెర మీద అడ్డంగా, నిలువుగా ఉండే చుక్కల సంఖ్య, సరిచూసుకోవడం. విండోస్ సెట్టింగ్స్‌లోని డిస్‌ప్లే పేజీలో 'రికమెండెడ్' అని రాసి ఉన్న అంకెనే ఎంచుకోండి; 24 అంగుళాల మానిటర్లలో ఎక్కువ వాటికి అది 1920×1080. పాత కంప్యూటర్‌లో ఆ అంకె అసలు కనిపించకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్ (తెరకు బొమ్మ పంపే భాగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) లేదని అనుమానించి దానిని వేయించండి. తెర ఆకారం సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి పెయింట్ ప్రోగ్రాంలో షిఫ్ట్ మీట నొక్కి పట్టి ఒక వృత్తం గీసి, దాని అడ్డుకొలతను, నిలువుకొలతను స్కేలుతో చూడండి. రెండూ సమానంగా లేకపోతే బొమ్మ అడ్డంగా సాగుతున్నట్టే. నేను ఈ పరీక్ష చేయకుండానే పని మొదలుపెట్టాను. పాస్‌పోర్ట్ ఫొటోలో ముఖం వెడల్పుగా కనిపిస్తోందని కొంచెం కుదించి ప్రింట్ తీస్తే, కాగితం మీద ముఖాలు సన్నగా, పొడుగ్గా వచ్చాయి; ఆ పూట తీసిన ఫొటోలన్నీ మళ్లీ తీసి ఇవ్వవలసి వచ్చింది.

అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని రిజల్యూషన్ తగ్గించకండి. అలా చేస్తే అక్షరాలు పెద్దవవుతాయి గానీ అంచులు మసకబారతాయి, తెలుగులో ఆ నష్టం మరీ ఎక్కువ. 'స్త్రీ', 'లక్ష్మి' వంటి మాటల్లో కిందికి దిగే వత్తులు, పైన గుడులు ఇరుకు చోటులో ఉంటాయి కనుక కొంచెం మసకైనా ఒక అక్షరాన్ని మరొకటిగా చదివే ప్రమాదం ఉంది. అదే డిస్‌ప్లే పేజీలో స్కేల్‌ను 125 శాతానికి పెంచడం, లేదా టైపు చేసే ప్రోగ్రాంలో జూమ్ పెంచడం సరైన మార్గం.

మానిటర్‌ను ఎక్కడ పెట్టాలన్నది మన దుకాణాల విషయంలో ప్రత్యేకంగా ఆలోచించవలసిన ప్రశ్న. షట్టర్ ఎత్తితే ముందు భాగమంతా తెరుచుకుని ఉంటుంది, పాలమూరు, నల్లగొండ ఎండ నేరుగా లోపలికి వస్తుంది. తెర వీధి వైపు తిరిగి ఉంటే వెలుతురు దాని మీద పడి మెరుస్తుంది. మీరు వీధి వైపు తిరిగి కూర్చుంటే తెర వెనుక నుంచి వచ్చే వెలుతురు కళ్లకు గుచ్చుకుంటుంది. అందువల్ల షట్టర్ మీ ఎడమకో కుడికో ఉండేలా బల్లను అడ్డంగా తిప్పండి. కళ్లకూ తెరకూ మధ్య చాచిన చేయి అంత దూరం ఉండాలి, తెర పై అంచు కంటి ఎత్తుకు సమానంగానో కొంచెం కిందుగానో ఉండాలి. రెండడుగుల లోతు బల్లను గోడకు ఆనించి వేస్తే ఆ దూరం సరిపోకపోవచ్చు. అప్పుడు బల్లను కొంచెం ముందుకు జరిపి, మానిటర్ స్టాండ్‌ను వెనుక అంచు దాకా నెట్టండి. దగ్గరి చూపు, దూరపు చూపు రెండూ ఉన్న కళ్లజోడు పెట్టుకునేవారు కింది అద్దం నుంచి చూడటానికి తల వెనక్కి వంచుతారు కాబట్టి వారు మానిటర్‌ను ఇంకా కిందికి దించుకోవాలి.

ఇక అసలు విషయం, వెడల్పును పంచుకోవడం. ఒకే కాగితాన్ని తెర నిండా పరిస్తే వాక్యం ఈ చివర నుంచి ఆ చివరకు సాగి, చూపు తిరిగి వచ్చేసరికి ఏ వరుస చదవాలో తెలియకుండా పోతుంది. తెర మీద తెరిచిన ఒక కిటికీని (విండోను) ఎంచుకుని విండోస్ మీటతో పాటు ఎడమ బాణం నొక్కితే అది ఎడమ సగంలోకి, కుడి బాణం నొక్కితే కుడి సగంలోకి చేరుతుంది. విండోస్ 11లో విండోస్ మీట, జెడ్ కలిపి నొక్కితే మరికొన్ని అమరికలు కనిపిస్తాయి. అయితే సరిగ్గా సగం సగం పెట్టుకోవద్దని నా గట్టి సలహా. సగం చేస్తే గీత ముక్కుకు ఎదురుగా వస్తుంది, అసలు పని పక్కకు పోతుంది, రోజంతా మెడ ఒకే వైపు తిరిగి ఉంటుంది. మధ్య గీతను మౌస్‌తో లాగి టైపు చేసే కాగితానికి మూడింట రెండు వంతులు ఇచ్చి, మీ కుర్చీని తెర మధ్యకు కాక ఆ కాగితం మధ్యకు ఎదురుగా జరుపుకోండి.

దస్తావేజు తయారు చేసేటప్పుడు ఈ అమరిక విలువ బాగా తెలుస్తుంది. పాత దస్తావేజు స్కాన్ ఒక పక్కన, కొత్త ముసాయిదా మరో పక్కన ఉంటే సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, నాలుగు దిక్కుల హద్దులు చూస్తూనే రాయవచ్చు. చదరపు తెరలో ఒక కాగితం మూసి మరొకటి తెరిచే ఆ రెండు క్షణాల్లోనే అంకెలు తారుమారయ్యేవి, అంకె తప్పితే నష్టపోయేది రైతు. పహాణీ (భూమి, సాగు వివరాల రికార్డు) వంటి అడ్డంగా సాగే పట్టికలను మాత్రం తెర నిండా తెరవండి. గడులన్నీ ఒకే చూపులో కనిపించడానికి వెడల్పు తెర చక్కగా తగినది.

మౌస్ బాణం ఎక్కువ దూరం ప్రయాణించాలి కనుక మౌస్ సెట్టింగ్స్‌లో దాని వేగాన్ని ఒకటి రెండు మెట్లు పెంచి, బాణం పరిమాణాన్ని కూడా పెద్దది చేసుకోండి. కొత్త మానిటర్ల వెలుతురు మామూలుగా అవసరానికి మించి ఉంటుంది. పక్కన తెల్ల కాగితం పట్టుకుని, తెర తెలుపు దానికి దగ్గరగా కనిపించే దాకా తగ్గించండి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలో ఉన్న దాన్ని 20 సెకన్ల పాటు చూడమని కంటి వైద్యులు చెబుతారు. దుకాణంలో కూర్చుని ఉంటే రోడ్డు అవతలి బోర్డు చదివితే సరిపోతుంది.

24 అంగుళాలకు అలవాటు పడినవారు కొందరు 34 అంగుళాల అతి వెడల్పు మానిటర్ గురించి అడుగుతున్నారు. దాని తెర సుమారు 80 సెంటీమీటర్ల వెడల్పు, 33 సెంటీమీటర్ల ఎత్తు. కొనే ముందు పాత వార్తాపత్రికల కాగితాలను అతికించి ఆ కొలతకు కత్తిరించి, మీ బల్ల వెనుక అంచున నిలబెట్టి, కుర్చీలో కూర్చుని రెండు మూలలనూ చూడండి. మూలలు చూడటానికి భుజాలు కూడా తిప్పవలసి వస్తే, ఆ బల్లకు ఆ మానిటర్ కొనకండి.