పత్రికకు వచ్చిన సైన్స్ ఫిక్షన్ కథను తూచడం ఎలా?

రచయిత పేరున్న పేజీని ముందే తీయించేయండి. కథను ఒక్క బిగిన చదవండి, పెన్ను ముట్టుకోవద్దు. అయ్యాక కథేమిటో రెండు వాక్యాల్లో రాయండి. అక్కడ పెన్ను ఆగిపోయిందంటే సాధారణంగా కథలోనే ఏదో చిక్కు ఉంటుంది.

తర్వాత సైన్సును తీసేసి చూడండి. రోబో స్థానంలో పనిమనిషిని, అంతరిక్ష నౌక బదులు సింహాద్రి ఎక్స్‌ప్రెస్‌ని పెట్టినా కథ సాఫీగా నడిచిపోతోందా? అయితే అది వేషం కట్టిన మామూలు కథ. బాగుంటే వేరే శీర్షికకు పంపండి, ఇందులో మాత్రం వేయొద్దు.

ఇక లెక్కలు. ఒక్క అసాధ్యాన్ని రచయితకు వదిలేయొచ్చు. మిగతాదంతా నిజానికి కట్టుబడాలి. భీమిలికి దూరంగా 300 మీటర్ల లోతున జలాంతర్గామిలోంచి హీరో సెల్‌ఫోన్లో ఇంటికి మాట్లాడాడనుకోండి. కుదరదు. ఉప్పునీరు రేడియో తరంగాలను మింగేస్తుంది, జలాంతర్గాములకు సందేశాలు పంపడానికి వాడే వీఎల్ఎఫ్ (అతి తక్కువ పౌనఃపున్య) తరంగాలు కూడా కొన్ని పదుల మీటర్లకు మించి దిగవు. అతనే తలుపు తీసుకుని ఈదుకుంటూ పైకొస్తే ఇంకా ఘోరం: ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది, పైనున్న గాలి పీడనంతో కలిపి అక్కడది సుమారు 31. (విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామి లోపల ఓసారి నడిచినవాళ్లు జలాంతర్గామిలో డ్రాయింగ్ రూమ్ రాయరు.) ఫోన్ తప్పు కేబులు పెడితే సర్దుకుంటుంది. ముగింపంతా ఆ ఈత మీదే నిలబడితే తిప్పి పంపాల్సిందే.

కొన్ని తప్పుల్లో అసలు కథ దాగుంటుంది. అంగారకుడి మీద కొడుకు, గాజువాకలో తల్లి ఫోన్లో మాటకు మాట విసురుకుంటారు. నిజానికి మాట ఒకవైపు చేరడానికే దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. ఆ ఆలస్యాన్ని వాడుకోమని రచయితకు రాయండి: కొడుకు కటువు మాట చేరేలోపే తల్లి క్షమించేసిందనుకోండి, ఆ మాట వచ్చి చెవిన పడినప్పుడు ఆవిడేం చేస్తుంది?

"మీకు తెలుసు కదా సార్, గురుత్వాకర్షణ అంటే..." లాంటి సంభాషణ దొరికినచోటల్లా అంచున గీత పెట్టండి. తెలిసినవాడికి పాఠమెందుకు? చంద్రుడి మీద గురుత్వం ఆరో వంతే, చారు గిన్నెలోకి ఎంత నింపాదిగా జారుతుందో చూపిస్తే చాలు. కల అని తేలే ముగింపులు సరేసరి.

మార్కులు 20కి: ఊహ 5, కారణం-పర్యవసానం 6, మనుషులు 6, భాష 3. మనుషులకు 3 కన్నా తక్కువొస్తే మొత్తం ఎంతైనా ఆపేయండి. తిప్పి పంపేటప్పుడు "ప్రచురణకు అనుకూలంగా లేదు" అని ఊరుకోకుండా, ఏ పేజీలో ఏ వాక్యం దగ్గర నమ్మకం పోయిందో రాయండి.