సిల్వర్‌లైట్ అప్లికేషన్‌ను హెచ్‌టీఎంఎల్5కు మార్చే విధానం

బ్రౌజర్‌కు ప్లగిన్‌గా జోడించి అప్లికేషన్లు నడిపే సిల్వర్‌లైట్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2021 అక్టోబరు 12తో ముగిసింది. దానిపై నడుస్తున్న వ్యాపార అప్లికేషన్‌ను, ప్లగిన్ లేకుండా బ్రౌజరే నేరుగా చూపే వెబ్ ప్రమాణమైన హెచ్‌టీఎంఎల్5కు మార్చేటప్పుడు ముందుగా పట్టించుకోవలసినది తెరల అందాన్ని కాదు, వాటి వెనుక దాగిన లెక్కలను. ఇన్‌వాయిస్‌లో పరిమాణం మార్చగానే పన్ను, రాయితీ, మొత్తం తిరిగి లెక్కగట్టే కోడ్ ఆ తెరలోనే ఇరుక్కుని ఉంటే, దాన్ని సర్వర్‌కు తరలించి, పాత తెర చూపిన అంకెలతో చివరి దశాంశం వరకు సరిపోల్చాలి. సిల్వర్‌లైట్ కోడ్ రాసే సీషార్ప్ భాషలో దశాంశాలను కచ్చితంగా లెక్కగట్టే డెసిమల్ రకం, బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ భాషలో లేదు, అక్కడ 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది.

ఎవరూ తెరవని తెరలను సర్వర్ లాగ్ (సర్వర్‌కు వచ్చిన అభ్యర్థనలు నమోదయ్యే చిట్టా) చూసి వదిలేయవచ్చు. మౌస్ ముట్టకుండా ట్యాబ్, ఎంటర్ మీటలతోనే రోజంతా వివరాలు నమోదు చేసేవారికి మాత్రం, నా దృష్టిలో, కొత్త రూపం కంటే పాత మీటల క్రమమే ముఖ్యం. దాన్ని యథాతథంగా నిలిపి, ఒక్కో విభాగాన్నే విడుదల చేయాలి.