బడిలో బహుమతుల రోజు: జూన్ రిజిస్టరు నుంచి స్టేజీ దాకా

బహుమతుల రోజున జరిగే పొరపాట్లలో చాలావాటికి విత్తనం జూన్‌లోనే పడుతుంది. ఆగస్టులో మండల స్థాయి ఖోఖో ఆడొచ్చిన అమ్మాయి పేరు జనవరి నాటికి ఎవరికీ గుర్తుండదు. ఈలోపు పీఈటీ సార్ బదిలీ అయితే సర్టిఫికెట్ జిరాక్స్ కూడా దొరకదు. చివరికి నలుగురు టీచర్లు స్టాఫ్ రూంలో కూర్చుని జ్ఞాపకం మీద జాబితా రాస్తారు. అందులోకి రోజూ కళ్ల ముందు తిరిగే పదిమందే ఎక్కుతారు. వెనక బెంచీలో నోరు మెదపకుండా కూర్చుని బొమ్మలేసే పిల్లాడు ఆ ఏడాదీ మిగిలిపోతాడు. హైదరాబాద్‌లోని ఒక మామూలు ప్రభుత్వ హైస్కూలును, అంటే 500 మంది పిల్లలు, తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మీడియాలు ఒకే ఆవరణలో ఉన్న బడిని దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతి రాస్తున్నాం. ప్రైవేటు బడికీ ఇదే పనికొస్తుంది.

ముందు రిజిస్టరు

బడి తెరిచిన వారంలోనే 200 పేజీల లాంగ్ బుక్ ఒకటి కొని గీతలు కొట్టించండి. తేదీ, అడ్మిషన్ నంబరు, పేరు, తరగతి-సెక్షన్, మీడియం, ఏం సాధించారు, ఏ స్థాయిలో, రుజువు ఎక్కడుంది: ఈ ఎనిమిది గడులు చాలు. ఒక వరుస ఇలా ఉంటుంది: 12-8, 4417, కె. శ్రావణి, 8-బి, తెలుగు, అండర్-14 ఖోఖో రన్నర్, మండలం, ఫైలు 9వ పేజీ. అడ్మిషన్ నంబరు ఎందుకంటారేమో. ఒకే బడిలో శ్రావణిలు ముగ్గురు, సాయికిరణ్‌లు నలుగురు ఉండటం మామూలే. ఇంటిపేరు మొదటి అక్షరం కూడా కలిసిందంటే ఒకరి బహుమతి ఇంకొకరి చేతికి వెళ్తుంది. పేరు మాత్రం అడ్మిషన్ రిజిస్టరులో ఉన్నట్టే ఎక్కించాలి, ముద్దుపేరు వద్దు.

రాసే బాధ్యత ఒక టీచరుది, తోడుగా 9వ తరగతి పిల్లలు ఇద్దరు. శనివారం చివరి పీరియడ్‌లో పది నిమిషాలు చాలు. ఆ వారం ఎక్కిన పేర్లను సోమవారం ప్రేయర్‌లో చదవండి. ఈ ఒక్క అలవాటు రిజిస్టరును బతికిస్తుంది. ఎవరి పేరైనా తప్పిపోతే పిల్లలే మధ్యాహ్న భోజనం వేళకల్లా వచ్చి చెప్తారు, "సార్, మా రేష్మాది చదవలేదు" అని. తప్పు అదే రోజు సరి అవుతుంది. చదవడం మానేసిన బడుల్లో దసరా సెలవుల తర్వాత ఆ పుస్తకం బీరువాలోంచి బయటికి రాదు.

వరుసగా జరిగే రోజుల్ని ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటే ఎక్కించడానికి చాలానే దొరుకుతుంది: ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, అదే రోజు జాతీయ క్రీడా దినోత్సవం, సెప్టెంబర్ 9న కాళోజీ జయంతి, నవంబర్ 14, డిసెంబర్ 22న గణిత దినోత్సవం. పోటీ పెట్టిన రోజే మొదటి మూడు పేర్లు రాయాలి. మర్నాటికి వాయిదా వేస్తే జడ్జీలు గుర్తులు వేసుకున్న చీటీ పోతుంది.

డబ్బుతో ముడిపడ్డ రెండు

ఎన్‌ఎంఎంఎస్ (పేద పిల్లలకు కేంద్రం ఇచ్చే ప్రతిభా స్కాలర్‌షిప్), ఇన్‌స్పైర్ మానక్ (పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం ఇచ్చే అవార్డు) గురించి రిజిస్టరులో విడిగా రెండు పేజీలు కేటాయించండి. వీటిలో చిన్న తప్పుకు పిల్లల సొమ్మే పోతుంది.

ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష 8వ తరగతి వాళ్లు రాస్తారు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే అవకాశం. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. మానసిక సామర్థ్యం మీద 90, సబ్జెక్టుల మీద 90 ప్రశ్నలు ఉంటాయి. ఎంపికైతే 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12,000, మొత్తం 48,000 రూపాయలు. పేద ఇంటికి అది చిన్న మొత్తం కాదు. కానీ పరీక్ష పాసవడంతో పని తీరిపోదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో మొదటి ఏడాది కొత్తగా దరఖాస్తు పెట్టాలి, ఆ తర్వాత ఏటా రెన్యువల్ చేయాలి. ఇక్కడే చాలామంది జారిపోతారు. బడి రికార్డులో "మొహమ్మద్ ఇమ్రాన్", ఆధార్‌లో "ఎండీ ఇమ్రాన్", బ్యాంకు ఖాతాలో ఇంకోలా ఉంటే దరఖాస్తు ఆగిపోతుంది. అందుకే 8వ తరగతిలో చేరిన జూన్‌లోనే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. ఆధార్ దిద్దించడానికి వారాలు పడుతుంది కాబట్టి నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే అందదు. పిల్ల 10వ తరగతి పాసై వెళ్లిపోయేటప్పుడు ఇంటర్‌లోనూ రెన్యువల్ చేసుకోవాలని, అందుకు పదిలో 60 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 55) మార్కులు ఉండాలని తల్లిదండ్రులకు కాగితం మీద రాసివ్వండి. నోటితో చెప్పింది నిలవదు.

ఇన్‌స్పైర్‌కు 6వ తరగతి నుంచి అర్హత, ఒక బడి ఐదు ఆలోచనల దాకా పంపొచ్చు. ఎంపికైన ఆలోచనకు నమూనా తయారీ కోసం 10,000 రూపాయలు పిల్లల ఖాతాలో పడతాయి. తిరస్కరణకు ఒక కారణం యూట్యూబ్‌లో చూసిన మోడల్‌నే పంపడం. హైడ్రాలిక్ జేసీబీ, వర్షం పడితే మోగే అలారం లాంటివి పంపి లాభం లేదు. ఇంట్లో అమ్మ పడే ఇబ్బంది ఏదో రాసుకు రమ్మనండి. మిషన్ కుట్టే తల్లి మెడనొప్పి నుంచి, మార్కెట్లో బండి తోసే తండ్రి కష్టం నుంచి వచ్చే ఆలోచనలు కొత్తగా ఉంటాయి, జడ్జి అడిగినప్పుడు పిల్లలు తడుముకోకుండా చెప్పగలుగుతారు.

ఎవరికి బహుమతి

తరగతిలో ఫస్ట్, సెకండ్ ఎలాగూ ఉంటాయి. వాటికి తోడు మూడు చేర్చండి.

మొదటిది మెరుగుదల. దీన్ని లెక్కగట్టేటప్పుడు ఎఫ్‌ఏను (ఫార్మేటివ్, అంటే మధ్యమధ్యలో జరిగే చిన్న పరీక్ష) ఎఫ్‌ఏతో, ఎస్‌ఏను (సమ్మేటివ్, అంటే టర్మ్ చివరి పెద్ద పరీక్ష) ఎస్‌ఏతోనే పోల్చాలి. ఎఫ్‌ఏలో ప్రాజెక్టుకీ నోటుబుక్కుకీ మార్కులుంటాయి, చెయ్యి కాస్త ధారాళంగానే పడుతుంది. దాన్ని తెచ్చి ఎస్‌ఏ పక్కన పెడితే లెక్క తప్పుతుంది. పోయినేటి ఎస్‌ఏ-2లో 34 శాతం తెచ్చుకుని ఈ ఏడు ఎస్‌ఏ-1లో 52కు చేరిన పిల్లాడు, 88 నుంచి 91కి వెళ్లినవాడి కంటే ఈ బహుమతికి తగినవాడు.

రెండోది హాజరు. నూటికి నూరు శాతం అని పెట్టకండి. పెడితే డెంగీ జ్వరంతో ఉన్న పిల్లనూ బహుమతి పోతుందని ఇంట్లోవాళ్లు పంపేస్తారు. 95 శాతం న్యాయమైన గీత. ఆ రోజు దాకా 160 పని దినాలు జరిగితే 152 రోజులు వచ్చినవాళ్లందరికీ ఇవ్వాలి. ఆటల పోటీలకు వెళ్లిన రోజుల్ని హాజరుగానే లెక్కించండి, లేకపోతే బడికి కప్పు తెచ్చిన పిల్లలే ఈ జాబితాలోంచి తప్పిపోతారు.

మూడోది సేవ. ఎవరూ చెప్పకుండా చేతులు కడిగే చోట నల్లా కట్టేసేవాళ్లు, చూపు తక్కువున్న స్నేహితుడికి బోర్డు మీదిది చదివి వినిపించేవాళ్లు ప్రతి తరగతిలో ఉంటారు. వీళ్లను టీచర్లు కాకుండా తరగతి పిల్లలే చీటీలు వేసి ఎన్నుకోవాలి. చీటీలు తరగతిలోనే, అందరి ఎదుట లెక్కపెట్టండి.

ఒకే విద్యార్థికి ఏడు బహుమతులు వస్తే ఏడుసార్లు స్టేజీ ఎక్కించొద్దు. ఒకే సర్టిఫికెట్ మీద ఏడూ రాసి ఒక్కసారే పిలవండి. సమయం మిగులుతుంది, కింద కూర్చున్నవాళ్లకు విసుగూ రాదు.

బహుమతిగా ప్లాస్టిక్ షీల్డు కంటే వాడుకునే వస్తువు మేలు. స్టీలు టిఫిన్ డబ్బాలు, నీళ్ల సీసాలు బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా దొరుకుతాయి. డిక్షనరీలు, కథల పుస్తకాలకు కోఠి, సుల్తాన్ బజార్ ఉండనే ఉన్నాయి. డిసెంబర్ పుస్తక ప్రదర్శనకు వెళ్తే తెలుగు ప్రచురణకర్తలంతా ఒకేచోట కలుస్తారు. ఉర్దూ మీడియం పిల్లలకు ఉర్దూ పుస్తకాలే ఇవ్వాలి. అందరికీ ఒకటే అని తెలుగు పుస్తకం చేతిలో పెడితే అది అటక ఎక్కుతుంది.

తేదీ

సంక్రాంతి సెలవులు అయ్యాక జనవరి చివరి వారమో, ఫిబ్రవరి మొదటి వారమో అనువైనది. మార్చిలో 10వ తరగతి పరీక్షలు కాబట్టి అంతకంటే ఆలస్యమైతే పదోవాళ్లు రారు. ఆ పిల్లలకు ఈ బడిలో అదే ఆఖరి పండగ. రంజాన్ నెల ఏటా దాదాపు 11 రోజులు ముందే వస్తుంటుంది కనుక క్యాలెండర్ చూడకుండా తేదీ ఖాయం చేయకండి. ఆ నెలలోనే పెట్టాల్సి వస్తే ఇఫ్తార్‌కు గంట ముందే ముగించాలి. శుక్రవారం మధ్యాహ్నం ఎప్పుడూ వద్దు. నాంపల్లి చుట్టుపక్కల బడులైతే నుమాయిష్ (అక్కడ జరిగే ఎగ్జిబిషన్) రోజుల్లో సాయంత్రం పెట్టుకోవద్దు, తల్లిదండ్రులు ట్రాఫిక్‌లోనే ఉండిపోతారు. రోజు కూలీకి వెళ్లేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు ఎక్కువున్న బస్తీల్లో ఆదివారం ఉదయం 9:30కి మొదలుపెడితే ఎక్కువమంది వస్తారు.

సర్టిఫికెట్లు

కనీసం మూడు వారాల ముందు డీటీపీ షాపుకు ఇవ్వండి. ఇక్కడ ప్రతి ఏడూ జరిగే తప్పు ఒకటుంది. పేర్లను మీరు ఫోన్‌లో యూనికోడ్‌లో టైప్ చేసి వాట్సాప్‌లో పంపుతారు. షాపులో పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అను ఫాంట్లు వాడుతుంటారు. యూనికోడ్ అక్షరాలు అందులోకి నేరుగా ఎక్కవు, కన్వర్టర్‌లో వేయాలి లేదా మళ్లీ కొట్టాలి. ఆ మార్పిడిలో ఒత్తులు ఊడిపోతాయి, క్రావడి పక్కకు జరుగుతుంది. "జ్ఞానేశ్వర్", "కృష్ణప్రియ", "ఐశ్వర్య" లాంటి పేర్లు ముందు దెబ్బతింటాయి. ఉర్దూ పేర్లకు ఇన్‌పేజ్ (ఉర్దూ టైపు సాఫ్ట్‌వేర్) ఉన్న షాపు వేరుగా వెతుక్కోవాలి. ప్రూఫు తెచ్చి ఉపాధ్యాయులు దిద్దడం చాలదు. ఆ తరగతికి పంపి, ప్రతి విద్యార్థి తన పేరు తాను చూసుకుని పక్కన టిక్కు పెట్టేలా చేయండి. కాగితం ఏ4 సైజు, 250 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు సరిపోతుంది. తళతళలాడే గ్లాసీ మీద హెచ్‌ఎం సంతకం సిరా ఆరక అలుక్కుపోతుంది, మ్యాట్ తీసుకోండి. పదిశాతం ఖాళీ సర్టిఫికెట్లు అదనంగా కొట్టించండి.

స్టేజీ మీద గంట

140 మందిని కింద కుర్చీల్లోంచి ఒక్కొక్కరినే పిలిస్తే మనిషికి 40 సెకన్లు చొప్పున గంటన్నర దాటుతుంది. పదిమంది చొప్పున ముందే స్టేజీ పక్కన వరుసలో నిలబెడితే 15 సెకన్లు చాలు, 35 నిమిషాల్లో అయిపోతుంది. వరుస దగ్గర ఒక టీచరు, బల్ల దగ్గర ఇద్దరు, మైకు దగ్గర ఒకరు. నలుగురి చేతిలో ఉన్న జాబితాలో క్రమసంఖ్యలు ఒకటే అయ్యుండాలి.

బహుమతుల్ని అట్టపెట్టెల్లో పది పదిగా సర్ది, ప్రతిదానికీ సంఖ్య ఉన్న చీటీ పిన్ను చేయండి. ఇప్పుడు అసలు ప్రమాదం ఎక్కడుందో చూడండి. 23వ నంబరు అమ్మాయి ఆ రోజు రాలేదు. మైకులో 24వ పేరు చదివారు, బల్ల దగ్గరివాళ్లు మాత్రం 23వ బహుమతి అందించారు. అక్కడి నుంచి చివరిదాకా ప్రతి బహుమతీ ఒకరు పక్కకు జరుగుతుంది. ఫొటోలు కూడా ఇంకొకరి సర్టిఫికెట్‌తో దిగుతారు. ఇది జరగకుండా ఉండాలంటే వరుస దగ్గరి టీచరు పదిమందినీ లెక్కపెట్టి, రానివాళ్ల క్రమసంఖ్యలు ఎర్ర చీటీ మీద రాసి మైకుకూ బల్లకూ పంపాలి. చీటీ రాకుండా ఆ పదిమందిలో మొదటి పేరు పిలవకూడదు.

పేర్లు చదివేవాళ్లు రెండు రోజుల ముందే ఒకసారి అందరి పేర్లూ పైకి చదివి చూసుకోవాలి. ఉర్దూ పేర్లను ఉర్దూ మేడం దగ్గర, ఒడిశా, బీహార్, మహారాష్ట్ర నుంచి వచ్చిన కుటుంబాల పిల్లల పేర్లను ఆ పిల్లల నోటినుంచే విని, పలికినట్టే తెలుగులో పక్కన రాసుకోండి. సొంత పేరు మైకులో వంకరగా వినిపిస్తే, కింద వాళ్లమ్మానాన్నల ముందు పిల్లల ముఖం ఎంత చిన్నబోతుందో చూసినవాళ్లకు తెలుసు.

అతిథుల శాలువాలు, ప్రసంగాలు బహుమతుల తర్వాత పెట్టండి. ముఖ్య అతిథికి ఐదు నిమిషాలని ముందే మర్యాదగా చెప్తే ఎవరూ నొచ్చుకోరు. బహుమతులన్నీ ఒక్కరి చేతుల మీదుగానే ఇప్పించాలన్న నియమమేమీ లేదు. హాజరు బహుమతులు మధ్యాహ్న భోజనం వండే అమ్మల చేత, ఆటలవి పూర్వ విద్యార్థుల చేత ఇప్పించండి. రోజూ అన్నం పెట్టే చేతుల మీదుగా తీసుకోవడం పిల్లలకూ ఇష్టంగా ఉంటుంది.

మైకు కీచుమంటే బాక్సులు మైకు వెనక ఉన్నాయని అర్థం. మైకు పట్టుకున్నవాళ్ల కంటే నాలుగడుగులు ముందుకు, జనం వైపు తిప్పి పెట్టించండి. నీళ్ల లెక్క సులువు: 600 మందికి, మనిషికి 200 మిల్లీలీటర్ల గ్లాసులు రెండు చొప్పున 240 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 12. ఎండ ఉంటే 15 తెప్పించండి. ఆడపిల్లల డాన్సు వీడియోలు స్టేటస్‌లలో పెట్టొద్దని ప్రకటించండి. బడి తరఫున ఫొటోలు పెట్టేముందు తల్లిదండ్రుల సంతకం తీసుకోవాలి.

ఆ తర్వాత వారం

రానివాళ్ల బహుమతులు సోమవారం ప్రేయర్‌లో, పేరు పిలిచి, చప్పట్లతోనే ఇవ్వాలి. ఆఫీసు రూంలో చేతిలో పెట్టి పంపేయొద్దు. గెలిచినవాళ్ల పేర్లు ఫ్లెక్సీ మీద వేయించి గేటుకు కడితే ఒక్క వేసవి ఎండకే వెలిసిపోతుంది. వరండా నీడలో చెక్క బోర్డు పెట్టి ఎనామిల్ పెయింటుతో రాయిస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. ఏడాదికి నాలుగు వరుసలు చొప్పున ముందే గీతలు కొట్టించండి.

రిజిస్టరులో కొత్త పేజీ తెరిచి ఆ వారమే మొదటి వరుసలు నింపాలి: కుర్చీలు మోసినవాళ్లు, వరుసలు నిలబెట్టినవాళ్లు, తెర వెనక మేకప్ వేసినవాళ్లు, కార్యక్రమం అయ్యాక ప్లాస్టిక్ గ్లాసులు ఏరినవాళ్లు. అడ్మిషన్ నంబరుతో సహా.